మాంత్రికుడి గోడమీది యోగిని

అనగనగా విరజాపురమనే రాజ్యం. దాన్నేలే రాజుకు ముగ్గురు కొడుకులు. చివరివాడైన మకరందుడికి కాలు ఒకచోట నిలవదు. అతనికి నిశ్చయించిన రాకుమారి హేమలతను కంకాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. విడిపించడానికి పెద్దన్న వెళ్లాడు, తిరిగిరాలేదు. చిన్నన్న వెళ్లాడు, తిరిగిరాలేదు. ఇక మకరందుడు బయలుదేరి ఏడు సముద్రాలు దాటాడు.

మాంత్రికుడి కోటలో అన్నలిద్దరూ రాతిబొమ్మలై నిలబడి ఉన్నారు. ఎదురుగా గోడకు ఒక పటం. అందులో కాషాయం కట్టిన యోగిని కళ్లు అరమూసి జపమాల పట్టుకుని ఉంది.

"ఈమెను పటంలో బంధించింది నేనే. ఏం చెబుతోందో చెప్పు. చెబితే నీ పిల్లను తీసుకుపో. తప్పావో, అన్నల పక్కన చోటుంది" అన్నాడు కంకాళుడు.

"మా అన్నలేం చెప్పారు?"

"పెద్దాడు, తనను చక్రవర్తి కమ్మంటోందన్నాడు. రెండోవాడు, తనంత పుణ్యాత్ముడు లేడంటోందన్నాడు. దీపం కొండెక్కేలోగా నీ ముచ్చటా కానియ్!"

మకరందుడు అటు నడిచాడు, ఇటు నడిచాడు. ఆ ముఖం ఒకసారి నవ్వినట్టుంది, ఒకసారి కసిరినట్టుంది. 'పిల్లను తీసుకుని పరుగెత్తు' అంటున్నట్టే తోచింది. నోరు తెరవబోయాడు.

పటం వెనకనుంచి బల్లి తల బయటపెట్టింది. "ఆగవయ్యా రాకుమారా! నీ తిరుగుడుకు నా తల తిరుగుతోంది. ముఖం చూసి నోరు జారినవాళ్లే ఆ ఇద్దరూ!"

మకరందుడు సిగ్గుపడి, పళ్లు బిగబట్టి కాళ్లను నిలిపాడు. ముఖం వదిలి చేతివైపు చూశాడు. చిన్నప్పుడు జపం చేస్తూ చూపుడువేలు పూసకు తగిలిస్తే తల్లి ఆ వేలిమీద కొట్టేది. ఆ వేలు తగలకూడదు. ఇక్కడ యోగిని చూపుడువేలు ఒక పూసమీద ఆని ఉంది! ఇంతటి సాధ్వి ఆ తప్పు చేస్తుందా?

"ఆమె జపం చెయ్యడంలేదు. ఈ పూసను చూడమంటోంది" అన్నాడు.

కంకాళుడి ముఖం పాలిపోయింది. "తాకకు!" అని మీదికి దూకాడు. వాడు తన ప్రాణాన్ని ఆ పూసలోనే దాచుకున్నాడని మకరందుడికి అర్థమైంది. కత్తిమొనతో ఆ పూసను గీకేశాడు. మాంత్రికుడు నేలకూలాడు. అన్నలు కదిలారు. హేమలత చెర వీడింది. యోగిని పటం దిగి, అందరినీ దీవించి తన దారిన వెళ్లిపోయింది.

"తమ్ముడూ, నువ్వు ఆమె ముఖం చూడలేదా?" అన్నాడు పెద్దన్న.

"చూశానన్నా. అక్కడ నా తొందరే కనిపించింది. అందుకే చెయ్యి చూశాను."

పెద్దన్న తలవంచుకున్నాడు. మకరందుడు హేమలతను పెళ్లాడాడు. తండ్రి తర్వాత అన్నలే పట్టుబట్టి అతణ్ని సింహాసనంమీద కూర్చోబెట్టారు. అతను ఏ తీర్పూ తొందరపడి చెప్పకుండా, జనం చల్లగా ఉండగా చిరకాలం ఏలాడు.