కొండకోట ఆటలో పనివాళ్ళ వీధి

చుక్కవలసలో తెలివంటే పూసర్ల వారిదే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, పూసర్ల వారే అనుకున్నారు. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు గవరయ్య, నడిపివాడు సింహాచలం, చిన్నవాడు పోలిరాజు.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మమ్మల్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు" అని గవరయ్య మీసం దువ్వేవాడు. అది మాత్రం నిజమే. పాలప్యాకెట్ మీద 'చల్లని చోట ఉంచవలెను' అని రాసి ఉంటే, పోలిరాజు దాన్ని తీసుకెళ్ళి వేపచెట్టు నీడలో పెట్టాడు. నీడ జరిగినప్పుడల్లా ప్యాకెట్‌ని జరుపుతూ, తానూ జరుగుతూ పొద్దంతా కూర్చున్నాడు. సాయంత్రానికి పాలు విరిగాయి.

"విరిగితే విరిగాయిరా, నీడ మాత్రం ఒక్క క్షణం తప్పిపోనివ్వలేదు!" అని అన్నలిద్దరూ వాడి భుజం తట్టారు.

వీళ్ళకో చెల్లెలుంది, నూకరత్నం. ఆ ఇంటికి రావలసిన తెలివంతా పోగేసుకుని పుట్టిన పిల్ల. కొండకోట అని ఒక ఆట తయారుచేసింది. ఏ ఊళ్ళో వాళ్ళు ఆ ఊళ్ళోనే ఉండి, ఫోన్లలో ఆ కోటలోకి వెళ్ళి, అందరూ కలిసి రాక్షసుల్ని కొట్టే ఆట. ఆట మొత్తం వాళ్ళ ఇంటి మూలనున్న కంప్యూటర్లోంచే నడిచేది.

ఆ కోటలో పనివాళ్ళ వీధి ఒకటుంది. కత్తులు చేసే కమ్మరి, కుండలు చేసే కుమ్మరి, బట్టలు నేసే సాలె. ఇష్టమైనవాళ్ళు ఆ పనులు పట్టచ్చు. కానీ ఎవరూ పట్టరే! మీట నొక్కితే కత్తి ఊడిపడేది. అంతకన్నా మంచి కత్తి రాక్షసుణ్ణి చంపితే ఊరికే దొరికేది. ఇంక కమ్మరి కొట్టుకి ఎవడొస్తాడు? వీధంతా ఈగలు తోలుకుంటోంది.

విశాఖలో ఆటలు నడిపే సంస్థ ఒకటుంది. అందులో పెద్దావిడ మాణిక్యవల్లి గారు రత్నానికి కబురు చేసింది. "అమ్మా, కొట్లాట ఆటలు మా దగ్గర కుప్పలున్నాయి. నీ పనివాళ్ళ వీధి ముచ్చటగా ఉంది గానీ మనుషులే లేరు. ఆదివారానికల్లా అందులో జనం నిలబడితే నీ ఆట మేం తీసుకుని నడిపిస్తాం. లేదంటే మూసుకోవడమే."

రత్నం కంటిమీద కునుకు లేకుండా కట్టుకున్న ఆట అది. సరిగ్గా అప్పుడే అత్తగారికి కంటి ఆపరేషన్ వచ్చిపడింది. భీమిలి వెళ్ళక తప్పదు.

"అన్నయ్యా, ఇదిగో, ఈ గడుల్లో ఏ నియమం రాస్తే ఆట అలా మారుతుంది. ఏం రాయాలో నేను ఫోన్లో చెప్తుంటాను."

"నువ్వు చెప్పు చెల్లెమ్మా, పొల్లు పోకుండా చేస్తాం" అన్నాడు గవరయ్య. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "మీట నొక్కగానే వస్తువు రాకూడదన్నయ్యా. నిజంగా పని చేసినట్టే ఉండాలి."

అంతే. ముగ్గురూ కుమ్మరి కొండయ్య ఇంటికెళ్ళి, అరుగు మీద కూర్చుని చూసొచ్చారు. మట్టి నానాలి, తొక్కాలి, సారె తిప్పాలి, కుండ ఎండలో ఆరాలి. అన్నీ రాసేశారు. ఆటగాళ్ళు ఉత్సాహంగా మట్టి నానబెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నారు. పాపం, తొక్కారు, తిప్పారు. తీరా ఆరబెట్టే వేళకి చుక్కవలసలో మబ్బు పట్టింది. సింహాచలం గుమ్మంలోంచి ఆకాశం చూసి, "ఇవాళ కుండలు ఆరవు" అని గడిలో రాసేశాడు.

"బాబూ, మా యలమంచిలిలో ఎండ మాడ్చేస్తోంది కదా!" అని ఓ ఆటగాడు మొత్తుకున్నాడు.

"మీ ఎండ మీది, మా కుండ మాది. ఎండలో పెట్టాలంటే మా ఊళ్ళో కాయాలి" అన్నాడు సింహాచలం.

రత్నం తల పట్టుకుంది. "ఆ ఎండా వానా తీసెయ్యండి అన్నయ్యా! మనిషికి విసుగు పుట్టకూడదు, పేరు రావాలి. వస్తువు చూడగానే ఇది ఎవరు చేశారో తెలియాలి."

"ఓస్, అంతేనా!" అని గవరయ్య కత్తి మీద కమ్మరి పేరు రాశాడు.

పోలిరాజుకి అనుమానం వచ్చింది. "అన్నయ్యా, కత్తి కమ్మరి ఒక్కడే చేశాడా? ఇనుము తవ్వినవాడో? బొగ్గు కాల్చినవాడో? కొలిమి తిత్తి ఊదినవాడో?"

"నిజమేరా, వాళ్ళ పేర్లూ రాయి."

"ఒకే ఊళ్ళో ఇద్దరు అప్పారావులుంటే?"

"ఇంటిపేరు రాయి."

"ఇంటిపేరూ ఒకటే అయితే?"

"తండ్రి పేరు, తాత పేరు కూడా రాయి. మనకేం, స్థలం బోలెడుంది!"

ఇంకేముంది! వీరుడొకడు కోట గుమ్మంలో కత్తి దూశాడు. తెరంతా పేర్లే. ఎక్కడో వెనకాల రాక్షసుడు గర్జిస్తున్నాడు, కానీ కనబడడు.

"ఏవండీ, రాక్షసుడెక్కడ?" అని వీరుడు కేకేశాడు.

"తిత్తి ఊదినాయన తాతగారి పేరు వెనకాల చూడు నాయనా" అని పోలిరాజు మర్యాదగా చెప్పాడు. వాడు చూసేలోపు రాక్షసుడు వాణ్ణి మింగేశాడు.

రత్నం మళ్ళీ ఫోన్. గొంతు బొంగురుపోయింది. "ఒక్క పేరు చాలన్నయ్యా, అదీ చిన్నగా! ఇంకోటి. చేసిన వస్తువు కలకాలం ఉండిపోతే మళ్ళీ ఎవరు కొంటారు? వాడేకొద్దీ అరిగి విరిగిపోవాలి."

"ఏవేవి విరగాలి చెల్లీ?"

"చేసినవన్నీ!"

అంతే. అన్నీ విరిగాయి. కత్తి విరిగింది, డాలు విరిగింది. యుద్ధం నడుమ ఒకాయన పంచె చిరిగి జారిపోతే, ఆయన రాక్షసుణ్ణి వదిలేసి పొద చాటుకి పరుగెత్తాడు. కమ్మరులకి పండగే అనుకుంటున్నారా? వాళ్ళ సుత్తులూ విరిగాయి. కొత్త సుత్తి చెయ్యాలంటే సుత్తితో కొట్టాలి కదా! ఊరంతా వెతికినా ఒక్క సుత్తి లేదు.

"రాయితో కొట్టుకోమందామా?" అన్నాడు సింహాచలం.

"చెల్లెలు రాయి మాట చెప్పలేదు" అన్నాడు గవరయ్య. ఆ మాటకి తిరుగు లేదు.

వారం సగం గడిచిపోయింది. వీధిలో ఈగలు కూడా మిగల్లేదు. రత్నం ఏడుపు దిగమింగుకుని నిదానంగా చెప్పింది. "పెద్దన్నయ్యా, సుత్తులు విరగకుండా చూడు. మిగతావి కొంచెం కొంచెంగా అరగాలి. ఇదే ఆఖరు మాట, బాగా విను. పనివాళ్ళు ఒకరికొకరు కావాలి. ఎదుటివాడి సాయం లేకుండా ఎవరి పనీ పూర్తి కాకూడదు."

ముగ్గురూ బుర్రలు దగ్గరపెట్టి ఆలోచించి రాశారు. కమ్మరి ఇనుము చల్లార్చాలంటే కుమ్మరి కుండ కావాలి. కుమ్మరి కుండ అంచు తీర్చాలంటే సాలె నేసిన తడిగుడ్డ కావాలి. సాలె గుడ్డ పూర్తవాలంటే కమ్మరి సూది కావాలి.

ఇంకేముంది! ఎవరి పనీ పూర్తి కాదు.

"కుండ ఇవ్వండి, సూది ఇస్తాను."

"గుడ్డ ఇస్తేనేగా కుండ ఇచ్చేది!"

"సూది లేకుండా గుడ్డ ఎలా వస్తుందమ్మా, మంత్రం వేస్తే వస్తుందా?"

పనివాళ్ళు ముగ్గురూ చేతులు చాపుకుని నిలబడ్డారు. వాళ్ళ వెనక ఇంకో ముగ్గురు, వాళ్ళ వెనక ఇంకొందరు. గొడవ వినడానికి రాక్షసుల్ని కొట్టేవాళ్ళు కూడా పని మానుకొని వచ్చారు. ఎవరో తీర్పు చెప్పబోయారు, తీర్పు మీద ఇంకో గొడవ. నర్సీపట్నం కమ్మరీ తుని సాలె ఆవిడా దూరపు చుట్టాలని తేలింది. ఒకావిడ ఉలవచారు ఎలా కాయాలో చెబుతుంటే చుట్టూ పదిమంది చేరారు. వీధిలో కాలు పెట్టే చోటు లేదు.

రత్నం ఆస్పత్రి వరండాలో ఫోన్ తెరిచి చూసి నోరెళ్ళబెట్టింది. "అన్నయ్యా, జనం! మీరు బంగారాలు! ఆదివారం దాకా ఈ వీధి ఇలాగే ఉండాలి. ఒక్క మనిషి తగ్గకూడదు. ఆ ముడి నేనొచ్చి విప్పుతాను."

అన్నలు ముగ్గురూ వీధికి కాపలా కూర్చున్నారు. భోజనాల వేళయింది. తుని ఆవిడ "అన్నం తినొస్తా" అని లేచింది.

"అయ్యో, ఒకావిడ తగ్గింది!" అని సింహాచలం గుండె బాదుకున్నాడు.

ఆవిడ తిరిగొచ్చింది గానీ పోలిరాజుకి భయం పట్టుకుంది. ఆలోచించి ఆలోచించి, శనివారం నాడు జనం కిటకిటలాడుతున్న వీధిని ఫొటో తీశాడు. దాన్ని పెద్దది చేసి, ఆటలో వీధి మొదట్లో అడ్డంగా గోడలా నిలబెట్టాడు.

"ఫొటోలో ఉన్నవాడు అన్నానికి లేచి వెళ్ళడు" అన్నాడు.

"వీడు నా తమ్ముడు!" అని గవరయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

ఆదివారం పొద్దున మాణిక్యవల్లి గారు రత్నానికి ఫోన్ చేసింది. "ఏమ్మా, వీధిలోకి పోబోతే నా ముక్కు గోడకి కొట్టుకుందేం?"

ఇది అన్నయ్యల పనేనని రత్నానికి అర్థమైపోయింది. "క్షమించండమ్మా, మా అన్నయ్యలు..." అంది.

"ఉండు, చెప్పనీ. నేను ఇవాళ కొత్తగా రాలేదు. మూడ్రోజులుగా ఆ వీధిలోనే ఉన్నాను, కుమ్మరిదాన్నై. అరిచి అరిచి గొంతు పోయింది. ఇన్ని ఆటలు చూశానా, పక్కన కత్తి పట్టినవాడి పేరేమిటో ఏనాడూ అడగలేదు. ఇక్కడ గుడ్డ కోసం తుని ఆవిడ ఇంటి కష్టసుఖాలన్నీ విన్నాను. ఆ పీటముడి కాస్త సడలించు చాలు, నీ ఆట మేం నడిపిస్తాం. ఒక్కటే మాట. గోడ వెనకాల నా కుండ సగంలో ఉండిపోయింది. సాయంత్రం మా వాళ్ళందరికీ చూపించాలి."

రత్నానికి నేల మీద కాళ్ళు నిలవలేదు. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. "పెద్దన్నయ్యా, మన ఆట నిలబడింది! నేను బయల్దేరుతున్నా. ఈలోగా మాణిక్యవల్లి గారు ఆటలో సగం చేసిన కుండ ఎలాగైనా ఆవిడ చేతికి అందాలి. సాయంత్రంలోగా అందకపోతే మన పరువు పోతుంది."

"నువ్వు దిగులుపడకు చెల్లెమ్మా, నేనున్నాగా!"

మధ్యాహ్నానికి రత్నం గుమ్మంలో అడుగు పెట్టింది. అన్నలు ముగ్గురూ స్నానాలు చేసి, ఉతికిన చొక్కాలు తొడుక్కుని, నవ్వుతూ నిలబడ్డారు. వాళ్ళ వెనక మూల ఖాళీగా ఉంది.

"అన్నయ్యా... కంప్యూటరేదీ?"

"విశాఖ బస్సు మీద వెళ్తోంది" అన్నాడు గవరయ్య. "ఆవిడ కుండ ఉన్నది అందులోనే కదా. మరలు విప్పి చూశాం, బోర్లించి దులిపి చూశాం, ఊడి రాలేదు. పెట్టెతో సహా పంపిస్తే ఆవిడే తీసుకుంటుందని గోనెసంచిలో కట్టేశాం."

రత్నం గోడకి చేరగిలబడిపోయింది.

"కుండకేం కాదులేవే" అని సింహాచలం ఓదార్చాడు. "కుదుపులకి పగలకుండా పెట్టె లోపల సందు లేకుండా వరిగడ్డి కుక్కాం."

పోలిరాజు ముందుకొచ్చి గర్వంగా అన్నాడు. "ఇంకా పచ్చికుండే కదా చెల్లీ, దారిలో ఎండిపోతే బీటలిస్తుందని, రెండు బిందెల నీళ్ళు కూడా పోశాను."