మద్దిలేటి పడ్డ కాలవ

అనగనగా ఒక కాలం. తెరమీది బొమ్మలకు నడక వచ్చింది గానీ ఇంకా మాట రాని కాలం. వాన మొహం చాటేసిన కాలం కూడా అదే. ఇది నవ్వుల కథే గానీ నవ్వించే కథ కాదు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను తిట్టకండి.

ఆ కాలంలో మద్దిలేటి అని ఒక కూలివాడు ఉండేవాడు. వాడికి ఎకరం లేదు, ఎద్దు లేదు, నలుగురిలో చెప్పుకోవడానికి ఇంటిపేరు కూడా లేదు. ఉన్నదల్లా భార్య సుంకులమ్మ, ముగ్గురు పిల్లలు.

ఒకసారి సంతకు బొమ్మల డేరా వచ్చింది. మొగుడూ పెళ్ళాం పిల్లల్ని చంకనేసుకుని పోయారు. తెల్లగుడ్డ మీదికి ఒక లావుపాటి మనిషి వచ్చాడు. నిచ్చెన ఎక్కాడు, పడ్డాడు. గోడ ఎక్కాడు, పడ్డాడు. చివరికి నీళ్ళ పీపాలో తలకిందులుగా పడ్డాడు. పీపా పైన రెండు కాళ్ళు మాత్రం టపటపా కొట్టుకున్నాయి. మాట లేదు, పాట లేదు. అయినా సుంకులమ్మ నవ్విన నవ్వు చూడాలి! కొంగు నోట్లో కుక్కుకుని, పక్కనున్న ముక్కూమొహం తెలియని ముసలామె భుజం మీద వాలిపోయి నవ్వింది. ఆ ముసలామెది కన్నడం, ఈమెది తెలుగు. ఒకరినొకరు పట్టుకుని మరీ నవ్వారు. పడ్డవాణ్ణి చూసి నవ్వడానికి ఏ భాష కావాలి? ఇంటికి పోయే దారంతా మద్దిలేటి ఆ లావుపాటివాడిలా నడిచాడు. దారంతా ఆమె నవ్వుతూనే ఉంది.

తర్వాత కరువు వచ్చింది. మొదటి ఏడు గింజలు పోయాయి. రెండో ఏడు గొడ్లు పోయాయి. మూడో ఏడు పిల్లలు పోయారు, ఒకరి వెనక ఒకరు, ముగ్గురూ. ఎలా పోయారో నేను చెప్పను. మీరు అడగకండి.

కాలవ తవ్వితే గంజి పోస్తారని విని ఇద్దరూ అక్కడికి చేరారు. నలుదిక్కుల నుంచీ జనం వచ్చిపడ్డారు. తెలుగువాళ్ళు, కన్నడంవాళ్ళు, అరవవాళ్ళు. ఒకరి మాట ఒకరికి రాదు. వచ్చినా లాభం లేదు. పనిలో నోరు తెరిచి మాట్లాడితే ఆ పూట గంజి లేదని మేస్త్రీ చాటించాడు. పారల చప్పుడు తప్ప అక్కడ ఇంకో చప్పుడు వినపడేది కాదు.

సుంకులమ్మ మట్టి మోసేది. గంజి తెచ్చుకునేది. ముందు పెట్టుకుని కూర్చునేది. తాగేది కాదు.

"తాగుమే," అనేవాడు మద్దిలేటి.

"గొంతు దిగదు."

"ఒక్క గుక్క తాగు. నా మాట ఇను."

"వాళ్ళు ఆకలని ఏడ్సినప్పుడు లేని గంజి ఇప్పుడు నాకెందుకు?"

ఆమె పూటపూటకీ ఎండిపోతోంది. ఇలాగే ఉంటే మనిషి దక్కదని మద్దిలేటికి అర్థమైంది. ఒక్కసారి నవ్వితే ఆ బిగిసిన గొంతు వదులవుతుందని తట్టింది. వైద్యుడు చెప్పలేదు, దేవుడు చెప్పలేదు. వాడికే అలా తోచింది.

మర్నాడు మట్టిగంప నెత్తిన పెట్టుకుని వస్తూ, సరిగ్గా ఆమె ఎదురుగా కాలు జారాడు. పడ్డాడు. చచ్చినట్టు పడుకున్నాడు. ఒంటికన్ను తెరిచాడు. లేచి తలగుడ్డ దులిపి కట్టుకున్నాడు.

పారలు ఆగాయి. ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రీ పరుగున వచ్చాడు.

"ఎవుడ్రా మాట్లాడింది?"

ఎవరూ మాట్లాడలేదు. నవ్వితే గంజి ఆపుతానని అతను చాటించలేదు మరి. మీసం కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు. సుంకులమ్మ నవ్వలేదు.

రెండో రోజు గంప బోర్లించి దానిమీద కూర్చోబోయాడు. పడ్డాడు. చచ్చినట్టు పడుకున్నాడు. ఒంటికన్ను తెరిచాడు. లేచి తలగుడ్డ దులిపి కట్టుకున్నాడు. ఈసారి కన్నడంవాళ్ళు నవ్వారు, అరవవాళ్ళు నవ్వారు. పొద్దున్నే తల్లిని పూడ్చి వచ్చినవాడు కూడా నవ్వాడు, నవ్వినందుకు కూలబడి ఏడ్చాడు. సుంకులమ్మ నవ్వలేదు. కానీ చూసింది. ఆమె మొగుడి మొహం చూసి ఎన్నాళ్ళయిందో!

ఆ చూపు చాలు వాడికి. ఇంక డేరాలో చూసినట్టు పీపాలో పడడం ఒక్కటే తక్కువ అనుకున్నాడు.

మూడో రోజు వచ్చింది. కాలవ తవ్వేటప్పుడు ఎంత లోతు దిగారో కొలవడానికి మధ్యలో ఒక మట్టి దిమ్మ తవ్వకుండా వదిలేస్తారు. కొలత అయ్యేదాకా దాని జోలికి ఎవరూ పోరు. అప్పటికి ఆ దిమ్మ రెండు నిలువుల ఎత్తు ఉంది. మద్దిలేటి దానిమీదికి పాకాడు. ఒంటికాలి మీద నిలబడ్డాడు. వెన్నుకంటుకున్న పొట్టను లావుపాటివాడిలా ముందుకు తోశాడు. అందరూ తలలెత్తారు. సుంకులమ్మ కూడా ఎత్తింది.

దిమ్మ విరిగింది. మనిషి తలకిందులుగా పోయాడు. మట్టి వాడిమీద కూలింది. పైకి రెండు కాళ్ళు మాత్రం కనిపించాయి. టపటపా కొట్టుకున్నాయి.

సుంకులమ్మ నవ్వింది.

కొంగు నోట్లో కుక్కుకుని, పక్కమనిషి భుజం మీద వాలిపోయి, డేరాలో నవ్వినట్టే నవ్వింది. ఆమె నవ్వడం చూసి జనమంతా నవ్వారు. వంగిన నడుములు ఎత్తి నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. ఇదిగో కన్ను తెరుస్తాడు, ఇదిగో లేస్తాడు, ఇదిగో తలగుడ్డ దులుపుతాడు అని చూస్తూ నవ్వారు.

కాళ్ళు మెల్లగా కొట్టుకున్నాయి. ఇంకా మెల్లగా కొట్టుకున్నాయి. ఆగిపోయాయి.

"లెయ్! లెయ్ యో!" అని సుంకులమ్మ అరిచింది. ఉరికింది. గోళ్ళతో మట్టి తోడింది. అందరూ తోడారు. బయటికి తీసేసరికి వాడి నోటినిండా మట్టి. నవ్వుతూ నిలబడ్డ ఆ కాసేపట్లో తవ్వి ఉంటే బతికేవాడు. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఆ సాయంత్రం సుంకులమ్మ గంజిముంత చేతిలోకి తీసుకుంది. "దీనికోసమే గదా పడితివి," అంది. ఏడుస్తూ తాగింది. గొంతు దిగింది.

ఆమె చాలాకాలం బతికింది. ఆ కాలవలో నీళ్ళు పారడం కళ్ళారా చూసింది. గట్టు మీద ఎవరైనా జారిపడితే, పక్కవాళ్ళు పకపకలాడబోతే, ఆ ముసలిది ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. "ముందు సెయ్యి ఇయ్యండి! లేసినాక నగండి!" అని అరిచేది. నవ్వబోయినవాళ్ళ మొహాలు మాడిపోయేవి.

ఇప్పటికీ ఆ కాలవ కింది పల్లెల్లో అంతే. పెళ్ళికొడుకు పీట మీంచి దొర్లినా ఎవరూ ముందు నవ్వరు. చెయ్యి ఇస్తారు. "లేస్తివా?" అని అడుగుతారు. "లేస్తిని" అని పడ్డవాడు తన నోటితో చెప్పాలి. అప్పుడు నవ్వుతారు, కడుపు చెక్కలయ్యేలా నవ్వుతారు.

సినిమా హాల్లోనూ అదే వరస. తెరమీద ఎవడైనా దబ్బున పడితే, మిగతా ఊళ్ళ జనం అప్పుడే ఈలలేసి నవ్వుతారు. ఈ పల్లెలవాళ్ళు మాత్రం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. "ఏమప్పా, మీకు నగు ఆలస్యంగా వస్తాది?" అని పక్కవాళ్ళు ఎగతాళి చేస్తారు.

ఆలస్యమే మరి. వాడు లేవాలి కదా.