కాకికి దొరికిన కారణం

ఇప్పచెట్ల అడవిలో ఒక కాకి, ఒక ముంగిస, ఒక నక్క, ఒక ముసలి ఏదుపంది ఉండేవి. ఏదుపంది తన ముళ్ళను బాణాల్లా విసురుతుందని కొందరంటారు. అది నిజం కాదు. అయినా ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు.

నక్క రోజూ పొద్దువాలే వేళ కథలు చెప్పేది. దాని కథల్లో ఎవరూ ఊరికే చచ్చిపోరు. ఎవరు చచ్చినా చంపినవాడొకడు ఉంటాడు, వాడికో పాత పగ ఉంటుంది, చివర్లో అది బయటపడుతుంది. కాకి ఒక్క కథ కూడా వదిలేది కాదు.

ఒక సాయంత్రం వడగళ్ళ వాన పడింది. తెల్లారేసరికి కాకి తమ్ముడు చెట్టుకింద చచ్చి పడున్నాడు. పక్కనే ముంగిస నోట నల్లటి ఈకతో నిలబడి ఉంది. చచ్చిన కాకి దగ్గర ఎవరు కనిపిస్తే వాళ్ళే శత్రువని గోల చెయ్యడం కాకుల ఆచారం. బొరియలో పిల్లల కింద పరచడానికి ఈకలు ఏరుకుంటున్నానని ముంగిస చెప్పింది. ఎవరూ వినలేదు.

కాకికి మాత్రం ఒకటి అర్థం కాలేదు. తమ్ముడికీ ముంగిసకూ ఎప్పుడూ మాటామాటా రాలేదు. మరి ఎందుకు చంపినట్టు? గుడ్లు పొదుగుతూ అదే ఆలోచన. తిండి కూడా సయించలేదు. చివరికి నక్కను అడిగింది.

"మామా, చంపేంత కోపం దానికెందుకు?"

నిరుడు వేసవిలో మీ తమ్ముడు ముంగిస నోటికాడి ఎండ్రకాయను ఎత్తుకుపోలేదా అంది నక్క. ఆ మాట అప్పటికప్పుడు అల్లిందే. కానీ చక్కగా అతికింది. తమ్ముడికి ఎండ్రకాయలంటే ఇష్టం కూడా. కాకి మనసు కుదుటపడింది.

ఏదుపంది నెమ్మదిగా వచ్చి, ఆ పక్క చెట్టుకింద గోరింకలు కూడా చచ్చి పడున్నాయనీ, దేని ఒంటిమీదా పంటిగాటు లేదనీ, అంతా వడగళ్ళ దెబ్బేననీ చెప్పింది.

"వడగళ్ళకు మా తమ్ముడి మీద పగేమిటి తాతా?" అంది కాకి.

"వడగళ్ళే చంపితే ఇంక అందులో కథేముంది?" అని నక్క నవ్వింది.

మర్నాడు కాకులన్నీ ముంగిసను వాగు ఒడ్డున ఉన్న బండ అంచుదాకా తరిమి పొడిచాయి. అది వాగులో పడి కొట్టుకుపోయింది. బొరియలో అరుస్తున్న దాని పిల్లలను ఏదుపంది తన దగ్గరికి తెచ్చుకుంది.

ముంగిస తిరిగినన్నాళ్ళూ ఆ చెట్టు దరిదాపులకు పాము రాలేదు. ఇప్పుడు వచ్చింది. కాకి మేతకు వెళ్ళి వచ్చేసరికి గూట్లో ఒక్క గుడ్డూ లేదు. కింద జెర్రిపోతు ఒకటి నిండు పొట్టతో పొదల్లోకి పోతోంది.

కాకి ఏడుస్తూ ఏదుపంది దగ్గరికి వెళ్ళింది.

"నేను దానికేం చేశాను తాతా? నా మీద దానికేం పగ?"

"ఏమీ లేదమ్మా. దానికి ఆకలేసింది, అంతే."

అక్కడే ఉన్న నక్క గొంతు సవరించుకుని, కాకులకూ పాములకూ మధ్య పాత తగాదా ఒకటి చెప్పడం మొదలుపెట్టింది. కాకి వినకుండా ఎగిరిపోయింది. ఎటు వెళ్ళాలో దానికే తెలియలేదు.

ముంగిస పిల్లలు పెద్దవయ్యాక ఏదుపంది ఉన్న వైపు పాములు తొంగిచూడలేదు.

నీతి: చావుకు కారణం తెలియకపోతే తెలియదని ఊరుకోవడమే మేలు, కథకు అతికిన కారణాన్ని నమ్మి పగ తీర్చుకున్నవాడు తన కాపలాను తానే చంపుకుంటాడు.