అచ్చియ్యమ్మ దగ్గర శిష్యరికం

గవరయ్య ఇంట్లో ఉండేది ముగ్గురు. గవరయ్య, పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు సత్తెయ్య. ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఊళ్ళో ఇంకెవరూ ఒప్పుకోరనుకోండి, అది వేరే సంగతి. కొత్త గొడుగు వానకి తడిసిపోతుందని ఇంట్లో దాచి, నెత్తిన నీళ్ళు కారుతూ సంతకి వెళ్ళొచ్చిన బుర్రలవి. "అందరి గొడుగులూ తడిశాయి, మనదొక్కటే పొడిగా ఉంది!" అని ఆ వారమంతా గవరయ్య చెప్పుకు తిరిగాడు.

అలాంటి గవరయ్యకి జీవితంలో పైకి రావాలని కోరిక పుట్టింది. కూలికెళ్ళి కూలికెళ్ళి విసుగెత్తింది. "గవరయ్య గారూ" అని ఎవరైనా ఒక్కసారి పిలిస్తే వినాలని ఉంది. సర్పంచి రామినాయుడి దగ్గరికెళ్ళి, బస్సు ఆగే చోట ఖాళీగా పడున్న రేకుల షెడ్డులో టిఫిన్ హోటల్ పెడతానన్నాడు.

"నెల రోజులు నడిపి చూపించు. జనం వస్తే షెడ్డు నీది. రాకపోతే పంచర్లు వేసేవాడికి ఇచ్చేస్తా," అన్నాడు సర్పంచి.

ఇరవై రోజులు గడిచాయి. ఈగలు తప్ప ఎవరూ రాలేదు.

"పైకొచ్చినవాళ్ళందరి వెనకా ఎవరో ఒకరు ఉంటారటయ్యా," అంది పైడమ్మ.

సత్తెయ్య గబుక్కున లేచి గవరయ్య వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "నేనున్నాగా అన్నయ్యా!"

ఓ పూటంతా అలాగే నిలబడ్డాడు. అయినా ఎవరూ రాలేదు. వెనక ఉండాల్సింది సత్తెయ్య కాదు, పని తెలిసిన మనిషని అప్పటికి తేలింది. అంతే, ముగ్గురూ టౌనుకి బయల్దేరారు.

టౌనులో అచ్చియ్యమ్మ హోటలంటే తెలియనివాళ్ళు లేరు. ఒక్క ఇడ్లీ పాత్రతో అరుగు మీద మొదలెట్టి, నలభై మంది కూర్చుని తినే హోటల్ నడుపుతోంది. గవరయ్య గోడు విని ఆవిడకి జాలేసింది.

"నాకూ ఒకావిడ చెయ్యి పట్టుకుని నేర్పింది. మీకు నేను నేర్పుతాను. కానీ చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి."

"చెప్పింది చెప్పినట్టే చేస్తాం అమ్మా!" అన్నారు ముగ్గురూ. ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నారు.

"అయితే విను. ముందు మనిషికి ఆలోచన పెద్దగా ఉండాలి. చిన్నగా ఆలోచించేవాడు ఎన్నాళ్ళైనా అక్కడే ఉంటాడు."

మర్నాడు పొద్దున్నే బస్సు కండక్టరు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. మొదటి బేరం! గవరయ్య ఎగిరి గంతేశాడు. అయినా గురువుగారి మాట మరిచిపోలేదు. ఊపిరి బిగబట్టి, గొంతెత్తి, షెడ్డు రేకులు అదిరేలా ఆలోచించాడు.

"ఈయనకి నిన్నటి పిండితో వేస్తే కనిపెడతాడా, కనిపెట్టడా!"

పొయ్యి దగ్గర్నించి పైడమ్మ ఇంకా పెద్దగా ఆలోచించింది. "చట్నీలో పడింది జీలకర్రా, చీమా!"

కండక్టరు లేచి నిలబడ్డాడు. సత్తెయ్య మెడనరాలు ఉబ్బేలా ఆలోచించాడు. "వెళ్ళిపోతున్నాడు! బతికిపోయాడు!"

ఇంకేముంది, ఆ బస్సులో ఉన్న అరవై మందికీ సంగతి తెలిసిపోయింది.

మళ్ళీ అచ్చియ్యమ్మ దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ విని తల పట్టుకుంది. "ఆ నోళ్ళు మూసుకోండి ముందు! మన దగ్గరికొచ్చి తినేవాళ్ళని నెత్తిన పెట్టుకోవాలి గానీ, తరిమేస్తారా?"

"ఇది మొదటే చెప్పి ఉంటే బాగుండేది," అనుకున్నాడు గవరయ్య. ఈసారి మనసులోనే అనుకున్నాడు.

మర్నాడు ముగ్గురూ నోళ్ళకి తువ్వాళ్ళు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వచ్చినవాడు ఎడ్ల బేరగాడు దాసన్న. మనిషి ధాన్యం బస్తాలా ఉంటాడు. "రెండు పెసరట్లు," అన్నాడో లేదో, ముగ్గురూ ముందుకి దూకి నెత్తికెత్తుకున్నారు. దాసన్న తల రేకుకి ఠంగున తగిలింది.

"ఏమిట్రా ఇది! దించండి! అట్టు అడిగితే మోస్తారేంట్రా!"

"ఊఁ ఊఁ ఊఁ," అన్నాడు గవరయ్య తువ్వాల్లోంచి. తమరు మాకు దేవుడితో సమానం అని దానర్థం. దాసన్నకి అర్థం కాలేదు. కాళ్ళు విదిలించాడు. సత్తెయ్య మోకాళ్ళు వంగాయి. అంతే, దాసన్న వెళ్ళి పెసర పిండి గంగాళంలో కూలబడ్డాడు. మెడ దాకా పచ్చగా అయిపోయి, తిట్లు తిట్టుకుంటూ వెళ్ళాడు. ఊరికుక్కలు నాలుగు ఆయన్ని నాకుతూ ఇంటిదాకా సాగనంపాయి.

ఆ దెబ్బకి గవరయ్య నీరుగారిపోయాడు. "నా వల్ల కాదమ్మా, మానేస్తాను," అన్నాడు అచ్చియ్యమ్మతో.

"మానెయ్యడమేమిట్రా! నాకు మొదటి ఏడాది ఎన్నిసార్లు ఇడ్లీ రాయైపోయిందో తెలుసా? పనిలో దిగాక ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకూడదు. వెళ్ళు!"

ఈ మాట గవరయ్యకి ఎంతో నచ్చింది. మర్నాడు కొత్తగా ఓ లారీ డ్రైవరు వచ్చాడు. గవరయ్య అట్టు ప్లేటు పట్టుకుని, ఆ ఊపులో రెండడుగులు ఎక్కువ వేసి బల్ల దాటేశాడు.

"ఇటు! నేనిక్కడున్నా!" అన్నాడు డ్రైవరు.

"వెనక్కి రాకూడదండీ," అన్నాడు గవరయ్య.

"తిరిగి రావచ్చేమో అన్నయ్యా?"

"తిరిగినా వెనక్కేరా!"

అంతే, గవరయ్య షెడ్డు దాటాడు, రోడ్డెక్కాడు. చట్నీ గిన్నెతో పైడమ్మ వెంటపడింది. మంచినీళ్ళ గ్లాసుతో సత్తెయ్య. వాళ్ళ వెనక "నా అట్టు! నా అట్టు!" అంటూ డ్రైవరు. రెండు మైళ్ళు నడిచి టౌను చేరారు. రోడ్డు మలుపు తిరిగింది గానీ గవరయ్య తిరగలేదు. ఎదురుగా ఉన్న అచ్చియ్యమ్మ హోటల్లోకి వెళ్ళి, గోడకి ముక్కు ఆనించి నిలబడ్డాడు. డ్రైవరు ప్లేటు లాక్కుని అక్కడే కూర్చుని తిన్నాడు.

"ఇక్కడ గోడుందమ్మా," అన్నాడు గవరయ్య. "ఇంకెలా ముందుకెళ్ళాలో తెలియట్లేదు. ఐదు రోజులే మిగిలాయి. అమ్మా... మేం తెలివితక్కువ వాళ్ళమా?"

అచ్చియ్యమ్మకి నవ్వు రావాల్సింది. రాలేదు. దగ్గరికొచ్చి, భుజాలు పట్టుకుని, గోడ వైపు నుంచి తన వైపు తిప్పింది.

"తప్పు నాదిరా. ఆనాడు ఒకావిడ నాకు చెయ్యి పట్టుకుని నేర్పితే, నేను మీకు మాటలు విసిరి పంపించాను. పద, నేనే వస్తున్నా. ఒక్కటి గుర్తుపెట్టుకో. నేనేం చెప్పినా, అర్థమైనా కాకపోయినా, 'అంటే?' అని అడుగు."

ఆవిడ షెడ్డుకొచ్చి కొంగు బిగించింది.

"పెనం కాలనివ్వు."

"అంటే?"

"నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమనాలి."

"నూనె వెయ్యి," అంది అచ్చియ్యమ్మ పెనం కాలాక.

"అంటే?"

"ఇదిగో, ఈ గరిటెతో ఒక్క గరిటె."

రోజుకి రెండు వందల సార్లు అడిగాడు. ఆవిడ రెండు వందల సార్లు చూపించింది. మూడో రోజుకి అట్టు గుండ్రంగా వచ్చింది. నాలుగో రోజుకి అల్లం వాసన బస్సు లోపలికి వెళ్ళి కండక్టరుని చెయ్యి పట్టి దించింది. ఐదో రోజు సర్పంచి వచ్చాడు. రెండు తిన్నాడు. వేళ్ళు నాక్కున్నాడు.

"గవరయ్య గారూ, ఇంకో రెండు వెయ్యండి. షెడ్డు మీదే!"

గవరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలని చెప్పాడు. పైడమ్మ ఆ రోజు ఉల్లిపాయలు తరగనే లేదు.

అచ్చియ్యమ్మ సాయంత్రం బస్సెక్కుతూ వాళ్ళ తలలు నిమిరింది. "ఇక నా అవసరం లేదురా. వచ్చిన పేరు నిలబెట్టుకోండి. ఒకసారి పడిపోయిందంటే మళ్ళీ లేవదు."

'అంటే?' అని అడగబోయాడు గవరయ్య. బస్సు కదిలిపోయింది. అయినా ఇంత తేలిక మాటకి అడగడం దేనికి?

మర్నాడు తలుపు చెక్క ఒకటి ఊడదీసి, దాని మీద సున్నంతో 'గవరయ్య హోటల్' అని రాయించారు. షెడ్డు ముందు నిలబెట్టారు. గాలొచ్చింది. పడబోయింది. ఇంకేముంది, ముగ్గురూ కెవ్వుమని పరిగెత్తి పట్టుకున్నారు. ఇక వదల్లేదు.

పొయ్యి ఆరిపోయింది. జనం బల్లల మీద కూర్చుని అరుస్తున్నారు. సర్పంచి వచ్చాడు. "టిఫినేదయ్యా?"

"చేతులు ఖాళీ లేవండి. పేరు పడిపోతే మళ్ళీ లేవదట. కాసేపు మీరు పట్టుకుంటే చిటికెలో వేసుకొస్తాం."

ఆకలి మీదున్న సర్పంచి ఒక మూల పట్టుకున్నాడు. కండక్టరు రెండో మూల పట్టుకున్నాడు. లారీ డ్రైవరు వెనక వీపు ఆనించాడు. లోపల పొయ్యి రాజుకుంది. పెనం చుయ్యిమంది. పెసరట్లు ఎర్రగా కాలాయి. పొద్దున్నించీ నిలబడి అలిసిపోయిన ముగ్గురూ ప్లేట్లు ముందేసుకుని కూర్చున్నారు.

"గవరయ్య గారూ, మా అట్లు!" అని బయట్నించి సర్పంచి కేకేశాడు.

గవరయ్య అట్టు తుంచి నోట్లో పెట్టుకుంటూ పెళ్ళాం వైపు గర్వంగా చూశాడు.

"చూశావుటే! మన పేరు నిలబెట్టడానికి ఊళ్ళో పెద్దలు తిండి కూడా మానేశారు!"