రాజావారి కొత్త జాతి

కొండవాక సంస్థానానికి పులివేటకని వచ్చిన దొర ఒకడు పులిని వదిలేసి పొద్దస్తమానం తొండల వెనక తిరిగాడు. కనబడ్డ ప్రతి తొండకీ లాటిన్‌లో ఒక పేరు చెప్పేవాడు. ఆ భాష మాట్లాడిన జనం ఎప్పుడో పోయారు. భాష మాత్రం తొండలకి దక్కింది.

రాజా విజయభూపతికి ముచ్చటేసింది.

"మరి మా పేరేమిటి?"

"హోమో సేపియన్స్," అన్నాడు దొర. "మనుషులందరిదీ అదే జాతి. క్షీరదాల తరగతి, ప్రైమేట్ల క్రమం. కోతులు కూడా ఆ క్రమంలోవే."

దొర వెళ్లిపోయాడు. రాజుగారికి అన్నం సయించలేదు. కోతులతో స్నేహం రాముడంతటివాడికే తప్పలేదు, పోనీ. గుర్రాలశాలలో లద్దె ఎత్తే సన్యాసికీ తనకీ ఒకటే పేరా?

ఆస్థాన పండితుడు విశ్వపతి శాస్త్రి ఆ బాధ కనిపెట్టేశాడు.

"మహాప్రభూ, తమరు మనుషుల్లో లెక్క కాదు. తమది వేరే జాతి. హోమో రాజేంద్రస్!"

రాజుగారు పొంగిపోయారు. సభంతా తలలూపింది. ఆంతరంగికుడు గవరయ్య ఒక్కడే కిసుక్కున నవ్వాడు.

"ఏమిటా ఇకిలింపు?"

"ఇందులో చిక్కుంది ప్రభూ."

"అదేమిటో రేపు సభలో చూపించు. లేదా కొలువు వదిలి పో!"

"మూట కట్టుకోడానికి దుప్పటి ఉందా గవరయ్యా? మాది పంపనా?" అన్నాడు శాస్త్రి.

చిక్కుందని గవరయ్యకి తెలుసు. ఏమిటో మాత్రం ఇంకా తెలీదు.

మర్నాడు రాజుగారు వాచిన బుగ్గతో సభకొచ్చారు.

"దవడ పన్ను! చచ్చిపోతున్నాను. గవరయ్యా, డాక్టర్ని తీసుకురా, పరిగెత్తు!"

గవరయ్య మొహం వెలిగిపోయింది. పరిగెత్తాడు. పశువుల డాక్టరు వీర్రాజుతో తిరిగొచ్చాడు. వీర్రాజు చేతిలో గుర్రాల పళ్లు పీకే మూరెడు పటకారు, భుజాన పగ్గం.

"ఈయనెందుకురా?" అని రాజుగారు అదిరిపడ్డారు.

"ఆస్పత్రి డాక్టరుగారు మనుషులకే వైద్యం చేస్తారు ప్రభూ. తక్కిన జాతులన్నీ ఈయన చేతికిందకే వస్తాయి."

వీర్రాజు పగ్గం విప్పి రాజుగారిని ఎగాదిగా చూశాడు.

"మామూలుగా నాలుగు కాళ్లూ కడతానండి. ఈ జాతికి రెండు చాలా?"

రాజుగారు సింహాసనం వెనక్కి దూకారు.

"ఆ జాతి మాకొద్దు! శాస్త్రిగారికి ఇచ్చేశాం. ముందు ఆయన పన్ను చూడు!"

పటకారు అటు తిరిగింది. శాస్త్రి స్తంభాన్ని వాటేసుకున్నాడు.

"అయ్యయ్యో, నేను హోమో సేపియన్స్‌నే నాయనా! సన్యాసికి పెదనాన్న కొడుకు వరస!"

సభ గొల్లుమంది. రాజుగారు ఒక చేత్తో దవడ పట్టుకుని నవ్వుతూనే, రెండో చేత్తో తన జరీ శాలువా తీసి గవరయ్య మీదకి విసిరారు.

"కప్పుకుని పోరా దొంగా! ఈసారి మనుషుల డాక్టర్ని తీసుకురా!"