ఇసుకకి అవతల కాజాలు

లోవరాజుకి దూకడం వచ్చు. దిగడమే రాదు.

పరిగెత్తుకొచ్చి చెక్కమీద కాలు మోపి లేచాడంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. తీరా ఇసుకలో దిగేవేళకి మెడ వెనక్కి తిప్పుతాడు, చెక్క దగ్గర నిలబడే మనిషి తెల్లజెండా ఎత్తాడా, కాలు గీత దాటిందని ఎర్రజెండా ఎత్తాడా అని. మెడ తిరిగితే భుజం తిరుగుతుంది. భుజం వెంట చెయ్యి పోయి ఇసుకలో ఎక్కడో వెనక ఆనుతుంది. లాంగ్‌జంప్‌లో కాళ్లు పడ్డచోటికి కొలవరు, ఒంట్లో ఏది వెనక తగిలితే అక్కడికి కొలుస్తారు. లోవరాజు కాళ్లు సంపాదించిందంతా చెయ్యి తగలేస్తుంది.

ఈ జబ్బు చిన్నప్పుడు ఉప్పాడ ఒడ్డున పట్టుకుంది. అక్కడి పిల్లలు తెడ్డుతో గీత గీసి గెంతేవారు. అందరూ తొండి మనుషులే. వీడు గాల్లో ఉండగానే వీడి బొటనవేలి గుర్తు కాలితో చెరిపేసి, "గీత దాటేవురా" అనేవారు. తన గుర్తు తనే కాసుకోవాలి కనక గాల్లో ఉండగానే వెనక్కి చూడ్డం నేర్చుకున్నాడు. పాపం, అప్పట్లో అదే తెలివి.

అతన్ని ఇంతవాణ్ణి చేసింది అబ్బులు మాస్టారు. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆ మెడ గురించి ఆయన తిట్టారు, బతిమాలారు. ఒకసారి మెడకి ఆస్పత్రి పట్టీ బిగించి మరీ దూకించారు. ఆ రోజు లోవరాజు మెడకి బదులు మనిషే మొత్తం తిరిగాడు. అప్పట్నుంచీ మాస్టారు ఆ మాటెత్తడం మానేశారు.

అలాంటివాడు ప్రపంచ ఇండోర్ పోటీలదాకా వచ్చాడు. బయట మంచు, లోపల పెద్ద హాలు, కళ్లు చెదిరే దీపాలు. ఒక్కొక్కరికి మూడేసి జంపులు. అవి అయ్యేసరికి మొదటి ఎనిమిదిమందిలో ఉంటే ఇంకో మూడు ఇస్తారు. లేకపోతే సంచి సర్దుకోవడమే. ఉప్పాడలో వలలు ఆరేసుకోకుండా జనమంతా టీవీ ముందు చేరారు, ఆ తొండి స్నేహితులతో సహా.

మొదటిసారి తెల్లజెండాయే లేచింది. రెండోసారీ అంతే. రెండుసార్లూ లోవరాజు దాన్ని కళ్లారా చూశాడు. రెండుసార్లూ చెయ్యి వెనక పడింది. పేరు తొమ్మిదోచోట ఆగిపోయింది.

చెక్క పక్కనే మొదటి వరసలో కూర్చున్న మాస్టారి దగ్గరికి వచ్చి రెయిలింగు పట్టుకున్నాడు.

"మాస్టారండీ, కాళ్లు ఎనిమిది మీటర్లు దాటి పడ్డాయండి. మీరూ చూసేరు కదండీ."

"చూసేను."

"చెయ్యి దగ్గరికి కొలిచేరండి."

"చెయ్యి కూడా నీదే కదరా."

లోవరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. "తిప్పకూడదనే అనుకుంటానండి. లేచేక నా మాట నేనే విననండి. ఇంకొక్కటే ఉంది. ఏం చెయ్యమంటారండి?"

మాస్టారు మఫ్లరు సవరించుకున్నారు. సీటు కిందనుంచి సంచి తీసి భుజాన వేసుకుని లేచారు.

"ఈ కుర్చీ కుదరట్లేదురా. నేను అటు పోయి కూర్చుంటాను."

నడిసముద్రంలో తెడ్డు జారిపోయినట్టయింది లోవరాజుకి. ఇన్నేళ్లలో ఆయన చెక్క పక్కనుంచి కదిలి ఎరగరు. కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ బెంగ వచ్చింది.

అతని పేరు పిలిచారు. పరుగుదారి మొదట నిలబడి తలెత్తాడు. ఎదురుగా పొడుగాటి దారి, దాని చివర చెక్క, ఆ తర్వాత ఇసుక. ఇసుకకి అవతల మొదటి వరసలో మాస్టారు కూర్చుని ఉన్నారు. ఒళ్లో డబ్బా ఉంది.

ఆ డబ్బా లోవరాజుకి తెలుసు. వాళ్లమ్మ కాకినాడ నుంచి తెప్పించి ఇచ్చిన గొట్టం కాజాలు అందులో ఉన్నాయి. కాజా అంటే అతనికి ప్రాణం. పోటీ అయ్యేదాకా తీపి మాటెత్తొద్దని మాస్టారు దాన్ని లాక్కుని, విమానంలో కూడా ఒళ్లోంచి దింపలేదు.

ఇప్పుడు ఆయన మూత తీశారు. ఒక కాజా దూరానికి కూడా కనపడేలా పైకెత్తి, నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలారు. ఇంకోటి తీశారు.

లోవరాజు గుటక వేశాడు. మాస్టారు తిండి దగ్గర మొహమాటపడే మనిషి కాదు. ఇంకాస్త ఆలస్యమైతే అడుగున పాకం కూడా మిగలదు.

పరిగెత్తాడు. చెక్క ఎప్పుడు తగిలిందో, ఎప్పుడు లేచాడో తెలీలేదు. మడమలు ఇసుకలో దిగబడ్డాయి. చేతులు రెండూ ముందుకే చాపి ఉన్నాయి. ఆ ఊపులో బోర్లా పడబోయి నిలదొక్కుకుని, ఇసుకైనా దులుపుకోకుండా రెయిలింగు దగ్గరికి వచ్చి పడ్డాడు.

"ఉన్నాయాండి?"

మాస్టారు అప్పటికే తినడం ఆపేశారు. డబ్బాలోంచి ఒకటి తీసి అతని చేతిలో పెట్టారు. కొరికేసరికి పాకం గడ్డందాకా కారింది. వెనక హాలంతా చప్పట్లు మోగుతున్నాయి.

"జెండా ఏ రంగురా?" అన్నారు మాస్టారు.

నమిలే నోరు ఆగిపోయింది.

"చూళ్లేదండి."

మెడ తిప్పబోయాడు. సగంలో ఆగాడు. మెల్లిగా ముందుకే తిప్పుకున్నాడు. అతనికి నవ్వొచ్చింది.

"మీరు చూసేరాండి?"

"నాకెందుకురా? నువ్వు దిగడం చూసేను."

మైకులో ఎవరో అతని పేరుని వంకరటింకరగా పలికి, దాని వెనక ఎనిమిది మీటర్లు దాటిన ఒక అంకె చదివారు. తొమ్మిదోచోట ఆగిన పేరు పైకెక్కింది. చప్పట్లు ఇంకా పెద్దవయ్యాయి. మాస్టారు డబ్బా వంచి అతనికి చూపించారు.

"ఇంకా మూడున్నాయి. ఒక్కోటీ అటునుంచొచ్చి తీసుకో."