పిట్ట వాలిన కిటికీ

పిట్టకి భయపడి మనిషిని చీకట్లో పెట్టారు. జరిగిన తప్పు అది. ఆ మనిషి ఇందుమతి తల్లి. మంచం పట్టింది, ఇక లేవదని డాక్టరు చెప్పేశాడు. ఆ పిట్ట పైడికంటె, పిడికెడంత గుడ్లగూబ. పొద్దు వాలగానే కిటికీ ఎదుట మునగచెట్టు మీదికి వచ్చి గొంతు చించుకునేది.

"లైటు ఆర్పెయ్ ఇందూ," అంది వదిన. "అత్తయ్యని పిలుస్తోందది. దానికి దారి తెలియదని నువ్వు దీపం పట్టి మరీ చూపిస్తున్నావా?"

ఇందుమతి నమ్మలేదు. నమ్మకుండానే స్విచ్చి నొక్కింది. చదువుకున్నవాళ్ళు చాలా పనులు అలాగే చేస్తారు. పిట్ట ఎగిరిపోయింది. చీకట్లోంచి తల్లి, "ఎవరే అక్కడ? ఎవరూ లేరా?" అని అడిగింది.

మర్నాడు ఇందుమతి హైమవతిగారింటికి వెళ్ళింది. హైమవతిగారు చెక్, స్లొవాక్ భాషలు నేర్చుకుని, ఆ దేశాల్లో చాలా ఏళ్ళు ఉండి వచ్చారు. వాళ్ళ పిట్టల పేర్లకి తెలుగులో నిఘంటువు తయారు చేస్తున్నారు. ఇందుమతి ఆవిడ శిష్యురాలు, ఆ పనిలో ఆవిడకి సాయం. సూటిగా అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు హైమవతిగారికి లేదు.

"మేడం, మన పైడికంటెని అక్కడేమంటారు?"

"దాని చుట్టం ఒకటుంది అక్కడ. చెక్ వాళ్ళు సీచెక్ అంటారు, స్లొవాక్ వాళ్ళు కువిక్ అంటారు. కువిక్ అంటే దాని కూతే. మనవాళ్ళు కళ్ళు చూసి పైడి అన్నారు, వాళ్ళు గొంతు విని పేరు పెట్టారు. కీడు పలికేవాణ్ణి, సీచెక్ కూతలు కూయకని కసురుతారు."

"అంటే వాళ్ళకీ అదే మాటన్నమాట. చావు దానికి ముందే తెలుస్తుందా మేడం?"

హైమవతిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"స్లొవాక్ పల్లెలో నేను అద్దెకున్న ఇంటావిడ పేరు బొజెనా. ఆవిడ భర్త జబ్బుపడ్డాడు. ఊరంతా పెందరాళే పడుకునేది. వీధి మొత్తానికీ వెలిగే కిటికీ ఆయనదొక్కటే. వెలుగుకి పురుగులు మూగేవి. పురుగుల కోసం కువిక్ వచ్చేది. బొజెనా వాళ్ళక్క వచ్చి, ఆవిణ్ణి తిట్టి, దీపం ఆర్పించింది. పిట్ట రావడం మానేసింది. గండం గడిచిందని ఇరుగుపొరుగు తీపి రొట్టెలు కూడా తెచ్చారు."

"గడిచిందా?"

"తెల్లారి చూస్తే నీళ్ళ గ్లాసు నేల మీద దొర్లి ఉంది. చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది. ఎప్పుడు పోయాడో చెప్పగలిగినవాళ్ళు లేరు. అప్పుడు పిట్ట కూడా లేదు మరి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పనిలో పడ్డారు.

ఆ సాయంత్రం ఇందుమతి లైటు వేసి, మంచం పక్కన కుర్చీ వేసుకుంది. పిట్ట వచ్చింది. వెనకాలే వదిన వచ్చింది.

"కన్నతల్లిని చేజేతులా సాగనంపుతావా?"

"సాగనంపుతున్నాను వదినా. చీకట్లో మాత్రం కాదు."

తల్లి కళ్ళు చికిలించి కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది. "నీ జుట్టు ఎంత నెరిసిందే!" అంది. అంతకన్నా పెద్ద మాటలేమీ చెప్పలేదు.

తర్వాత ఏ సాయంత్రమూ ఆ గదిలో లైటు ఆరలేదు. వదిన అలిగినా, అన్న చేతులు పట్టుకుని బతిమాలినా ఇందుమతి స్విచ్చి దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. చివరికి ఒక మునిమాపు, మునగచెట్టు మీద పైడికంటె కూస్తూండగానే, తల్లి కూతురి వైపు చూస్తూ చూస్తూ పోయింది. "చెప్పానా! చెప్పానా!" అని వదిన గుండెలు బాదుకుంది. ఇందుమతి తన చేత్తో తల్లి కళ్ళు మూసింది. లైటు అలాగే ఉంచింది.

కర్మలన్నీ అయ్యాక ఆమె మళ్ళీ పనికి వెళ్ళింది. హైమవతిగారు పరామర్శ మాటలేవీ అనలేదు.

"ఆ పూట పిట్ట వచ్చిందా?" అని అడిగారు.

"వచ్చిందండీ. చివరిదాకా కూసింది."

"అయితే లైటు ఆర్పలేదన్నమాట," అన్నారు హైమవతిగారు.